'డీవీఆర్ ఖరాబైంది' అంటే సరిపోదు

మొహల్లాలో బండి పోయినా, దుకాణంలో గల్లా పోయినా, నలుగురి మధ్య చేయి చేసుకోవడాలు జరిగినా మొదట వినిపించే మాట "సీసీ కెమెరా చూద్దాం". కాసేపటికి "డీవీఆర్ ఖరాబైంది భాయ్" అంటారు. బస్, బాత్ ఖతమ్. ఎప్పటి నుంచి ఖరాబైంది, ఏ పార్టు ఖరాబైంది, చూసుకోవాల్సిన జిమ్మేదారీ ఎవరిది అని అడిగేవాడుండడు. పిడుగు పడిందన్నట్టు విని, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు.

గవాహ్ అంటే సాక్షి, గవాహీ అంటే అతను చెప్పే సాక్ష్యం. గవాహ్‌కు కళ్లుంటే చాలదు, హాఫిజా కూడా బాగుండాలి. హాఫిజా అంటే జ్ఞాపకశక్తి. గోడ మీది కెమెరా కన్ను మాత్రమే. హాఫిజా అంతా కౌంటర్ కింద దుమ్ము పట్టి పడున్న నల్ల డబ్బాలో ఉంటుంది. మనం చందాలేసి మరీ కళ్లు కొంటున్నాం. హాఫిజా సంగతి మాత్రం బండి పోయిన రోజే గుర్తొస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ డబ్బాకొచ్చే జబ్బుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలావాటిని పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. అందుకే 'ఖరాబైంది' అన్నది జవాబు కాలేదు. అది బహానా అయినా కావాలి, గఫ్లత్ అయినా కావాలి. గఫ్లత్ అంటే పట్టించుకోకపోవడం. రెండింటికీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

అన్నింటికంటే పెద్ద ధోకా తెర మీద బొమ్మ కనిపించడం. టీవీలో నాలుగు గదుల్లో నాలుగు బొమ్మలు కదులుతుంటే అంతా ఖైరియత్ అనుకుంటాం. హార్డ్ డిస్క్ చచ్చిపోయినా లైవ్ బొమ్మ వస్తూనే ఉంటుంది. రికార్డింగ్ షెడ్యూల్ ఎవరో ఆపేసినా వస్తుంది. కాబట్టి చూడాల్సింది ప్లేబ్యాక్. నిన్నటి రాత్రి రెండు గంటలకు, పది రోజుల కిందటి మధ్యాహ్నానికి వెళ్లి చూడాలి. రెండూ ఆడితే హాఫిజా సలామత్. ఆడకపోతే మెనూలో డిస్క్ స్టేటస్ చూడాలి. డిస్క్ నార్మల్‌గా ఉందో, ఎర్రర్ ఉందో, అసలు కనిపించడమే లేదో అక్కడే రాసి ఉంటుంది. కనిపించకపోతే ముందు లోపలి డేటా కేబుల్, పవర్ కేబుల్ వదులయ్యాయేమో చూడాలి.

డీవీఆర్ కుయ్ కుయ్ మంటుందని కొందరు మెనూలోకి వెళ్లి ఆ బజర్ ఆపేస్తారు. ఆ చప్పుడు ఊరికే రాదు. డిస్క్ పాడవుతోందనో, నిండిపోయిందనో, ఒక కెమెరా బొమ్మ రావడం లేదనో అది మొర పెట్టుకుంటోంది. మరీజ్ మూలుగుతున్నాడని నోట్లో గుడ్డ కుక్కడం ఏం ఇలాజ్? ఇంకో సంగతి, సీసీ రికార్డింగ్‌కు ప్రత్యేకంగా తయారయ్యే డిస్కులున్నాయి. రాత్రింబగళ్లు ఆగకుండా రాయడానికి చేసినవి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఎవరైనా చూపిస్తారు. నాలుగు డబ్బులు మిగులుతాయని పాత కంప్యూటర్ డిస్క్ బిగిస్తే అది ఆ మెహనత్‌కు తట్టుకోలేదు.

రాత్రయితే కెమెరాలన్నీ నల్లబడి, పొద్దున్నే మళ్లీ బతికొస్తే కెమెరాల మీద షక్ పడకండి. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. బలహీనమైన 12 వోల్టుల పవర్ సప్లై అక్కడే కూలబడుతుంది. ఒక్క కెమెరానే రాకపోతే దాని కేబుల్ తీసి, బాగున్న కెమెరా చానల్‌లో పెట్టండి. బొమ్మ వస్తే డీవీఆర్ పోర్టు చెడినట్టు. అక్కడా రాకపోతే కెమెరాలోనో, దాని పవర్‌లోనో, కేబుల్‌లోనో, కొనకు బిగించిన బీఎన్‌సీ కనెక్టర్‌లోనో దోషం. ఈ పరీక్షకు ఇంజినీరింగ్ అక్కర్లేదు, ఒక స్టూలు చాలు.

గడియారం సంగతి ఇంకా నాజూకు. చాలా డీవీఆర్‌ల బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తారీఖు వెనక్కెళ్లిపోతుంది. తేదీ మరీ పాతదైతే ఎవరికైనా తెలుస్తుంది. నలభై నిమిషాల తేడా ఉంటేనే ఖతర్నాక్. ఇషా నమాజుకు మసీదులో ఉన్న కుర్రాణ్ని అదే సమయానికి దొంగతనం జరిగిన గల్లీలో నిలబెట్టేస్తుంది. వారదాత్ జరిగాక ఫుటేజ్ తీసేటప్పుడు మొదట గడియారం సరిచేయకండి. డీవీఆర్ తెరనూ, పక్కనే ఫోన్‌లో టైమునూ కలిపి ఒక ఫొటో తీయండి. ఎంత తేడా ఉందో కాగితం మీద రాయండి. సరిచేయడం ఆ తర్వాత.

ఇక హిసాబ్. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 86.4 జీబీ. ఒక టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండుతుంది. బొమ్మ నాణ్యత పెంచి 4 మెగాబిట్లు చేస్తే ఆరు రోజులు కూడా రాదు. నిండాక డీవీఆర్ పాత రోజుల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. అలా పోయినవి మళ్లీ రావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం పెద్దసంఖ్యలో వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలని, 30 రోజుల ఫుటేజ్ దాచాలని చెబుతోంది. 2 మెగాబిట్ల లెక్కన కూడా నాలుగు కెమెరాలకు 2.6 టీబీ కావాలి. కెమెరాలు బిగించేవాడు ఒక టీబీ పెట్టి వెళ్తాడు. కమిటీ సదర్ సాబ్ రసీదు మీద సంతకం పెడతారు. ఎన్ని రోజులు దాస్తుందని ఎవరూ అడగరు.

పాస్‌వర్డ్ కూడా అంతే. అది బిగించినవాడి జేబులో ఉంటుంది, వాడి ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. లేదంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ, డీవీఆర్‌లనీ వేల కొద్దీ కబ్జా చేసి, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టింది. పాస్‌వర్డ్ మార్చండి. మార్చినదాన్ని కనీసం ఇద్దరు జిమ్మేదార్ల దగ్గర రాసిపెట్టండి.

వారదాత్ జరిగిన రోజు డిస్క్ ఎర్రర్ చూపిస్తే డీవీఆర్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడగొచ్చు. వద్దనండి. వెంటనే ఆపేసి, డిస్కును తెలిసినవాడి చేతికివ్వండి. డిస్క్ బాగుంటే మాత్రం ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, రేపటికి వాయిదా వేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, ఇలాంటి కాపీని అదాలత్‌లో పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఫైలు హ్యాష్ నంబరు రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలు వేలిముద్ర అనుకోండి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన వీడియోకు ఆ ఇజ్జత్ ఉండదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ జబ్బులే ఠాణాలోని డబ్బాకూ వస్తాయి. దుకాణంలో డీవీఆర్ ఆగితే పోయేది సామాను. ఠాణాలో ఆగితే ఒక మనిషి చెప్పిన మాటకు గవాహ్ పోతాడు.

2023లో మెదక్‌కు చెందిన మహమ్మద్ ఖదీర్ ఖాన్‌ను గొలుసు దొంగతనం కేసులో పోలీసులు తీసుకెళ్లారు. సీసీ ఫుటేజ్‌లో కనిపించిన మనిషిలా ఉన్నాడన్నది వాళ్ల షక్. కస్టడీలో తనను కొట్టారని హాస్పిటల్ మంచం మీంచి ఆయన వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. గరీబ్ మనిషిని పట్టుకోవడానికి వీధి కెమెరా చాలినప్పుడు, లోపల అతనికేం జరిగిందో చెప్పడానికి కూడా కెమెరా ఉండాలి కదా. ఇన్సాఫ్ తరాజుకు రెండు పళ్లేలుంటాయి.

ఇది నా ఫర్మాయిష్ కాదు. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి ఠాణాకూ హుకుం ఇచ్చింది. గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఏదీ కెమెరా కంట పడకుండా ఉండకూడదు. బొమ్మతో పాటు మాటా రికార్డవ్వాలి. ఫుటేజ్ 18 నెలలు దాచాలి, అంత వీలుకాకపోతే కనీసం ఏడాది. పైన చెప్పిన హిసాబ్ ప్రకారం ఇందుకు ఎంత పెద్ద డిస్కులు కావాలో మీరే ఊహించుకోండి.

ఆ తీర్పులో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించే మాట వేరే ఉంది. కెమెరాల జిమ్మేదారీ ఆ ఠాణా ఎస్‌హెచ్‌వోది. చెడిపోతే ఆయన వెంటనే జిల్లా పర్యవేక్షణ కమిటీకి చెప్పాలి. అంతేకాదు, కెమెరాలు పనిచేయని రోజుల్లో ఆ ఠాణాలో ఎవరిని అరెస్టు చేశారో, ఎవరిని విచారించారో ఆ రికార్డును కూడా కమిటీకి పంపాలి. డబ్బా చెడిపోవచ్చని అదాలత్‌కు తెలుసు. అందుకే హాఫిజా పోయిన రోజులకు కాగితం మీద గవాహీ అడిగింది. ఆ జాబితా లేకుండా "టెక్నికల్ ప్రాబ్లమ్ సాబ్" అంటే, ఆ హుకుంను కూడా తొక్కేసినట్టే.

ఠాణాలో దెబ్బలు తిన్నవాడు మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసి ఫుటేజ్ తెప్పించమని అడగొచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. ఆలస్యం చేయకుండా, తారీఖు, టైము, ఏ గది అన్నది రాసి అడగాలి. ఎందుకంటే డిస్క్ ఎవరి కోసమూ ఆగదు, రోజూ పాతదాన్ని మింగుతూనే ఉంటుంది.

దోస్తులారా, రెండు పనులు చేద్దాం. మన దుకాణాల్లో, మసీదు కమిటీల్లో, అపార్ట్‌మెంట్లలో వారానికో రోజు, జుమ్మా అయినా సరే, పది నిమిషాలు కేటాయించి ప్లేబ్యాక్, డిస్క్, గడియారం చూసి ఒక రిజిస్టర్‌లో సంతకం పెడదాం. మన డబ్బా సరిగా లేకుండా ఇంకొకరిని నిలదీసే హక్కు మనకుండదు. రెండోది, సమాచార హక్కు కింద మన ఏరియా ఠాణాకు ఒక అర్జీ పెడదాం. గత ఏడాదిలో కెమెరాలు ఎన్ని రోజులు పనిచేయలేదు, ఆ రోజుల అరెస్టుల రికార్డు జిల్లా కమిటీకి ఏ తారీఖున పంపారు? ఈ రెండు సవాళ్లే రాయండి. అర్జీ ఫీజు పది రూపాయలకు మించదు.