మన కుర్రాళ్ళకు వేలం వద్దు

ఈ పోస్టు కొంచెం పొడుగుంటుంది. ఓపిగ్గా చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్వాలేదు.

డిసెంబర్ 16న అబుదాబిలో ఐపీఎల్ వేలం జరిగిన రోజు మన గ్రూపులో అర్ధరాత్రి దాకా మెసేజీలు ఆగలేదు. కామెరాన్ గ్రీన్‌కు కోల్‌కతా వాళ్ళు 25.20 కోట్లు పెట్టడం పిచ్చితనమని ఒకరు. వెంకటేశ్ అయ్యర్‌ను మన ఆర్సీబీ 7 కోట్లకే కొట్టేసిందని ఒకరు. మనం వదిలేసిన లివింగ్‌స్టన్‌కు హైదరాబాద్ 13 కోట్లు ఎందుకు పోసిందని ఇంకొకరు. ఇంతవరకు సరదాగానే ఉండింది. ఆ తర్వాత ఎవరో సిరాజ్ పేరెత్తారు. అంతే, పాత పుండు రేగింది. "డబ్బు కోసం పోయాడు" అని ఒక వర్గం. "తెలుగు ఇంట్లో పుట్టి బెంగళూరుకు జై కొట్టేవాళ్ళకు సిరాజ్ గురించి మాట్లాడే హక్కు లేదు" అని ఇంకో వర్గం. పక్కపక్క ఇళ్ళలో ఉండే ఇద్దరు అన్నలు ఆ రాత్రి గ్రూపులోంచి బయటికి పోయారు. ఇంకా తిరిగి రాలేదు.

నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ గొడవ గురించి మాత్రమే అయితే ఊరుకునేవాణ్ణి. అదే రాత్రి చివర్లో ఒక ప్రస్తావన వచ్చింది. సంక్రాంతికి మన సంఘం పెట్టే క్రికెట్ పోటీకి ఈసారి కూడా ఆటగాళ్ళ వేలం పెడదాం, పోయినసారి కంటే పెద్దగా, స్టేజీ వేసి, తెర కట్టి, యూట్యూబ్‌లో లైవ్ ఇద్దాం అని. చాలామంది బొటనవేలు ఎత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకో చెప్పాలి కదా.

ముందు వేలం అంటే ఏమిటో మాట్లాడుకుందాం. ఆ విషయం మనకు ఒకరు నేర్పించాల్సిన పని లేదు. నంగలి చుట్టుపక్కల టమోటా పెట్టని ఇల్లు ఎన్ని? వడ్డహళ్ళి మండీలోనో కోలారు మండీలోనో హరాజు చూడని మనిషి ఎవరు? 2023 జూలైలో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. రాత్రిపూట తోటలకు కాపలా పడుకున్నాము. ఆ సెప్టెంబరుకల్లా ధర ఎట్లా కూలిపోయిందో కూడా చూశాము. అదే నేల, అదే నారు, అదే చెయ్యి. కాయ రుచి మారలేదు. ఆ రోజు మండీకి ఎంత సరుకు వచ్చింది, కొనేవాళ్ళు ఎంతమంది నిలబడ్డారు, వాళ్ళకు ఎంత అవసరం ఉంది, ఇంతే ధరను తేల్చింది.

ఇప్పుడు వెంకటేశ్ అయ్యర్‌ను చూడండి. 2024 నవంబరులో జెడ్డాలో అతనికి పలికింది 23.75 కోట్లు. ఒక్క ఏడాది తిరిగేసరికి 7 కోట్లు. సీజను సరిగా ఆడలేదు, నిజమే. అంతమాత్రాన మనిషి ఆట మూడో వంతుకు పడిపోయిందా? కాదు. జెడ్డా వేలానికి జట్లకు ఒక్కోదానికి, ముందే ఉంచుకున్నవాళ్ళ ఖర్చుతో కలిపి, 120 కోట్ల పర్సు. కోల్‌కతాకు తన ఆటగాడు తనకు కావాలి. ఎదురుగా పట్టుబట్టి పాడింది ఎవరు? మన ఆర్సీబీయే. 23.50 దాకా పోయి ఆగింది. ఇద్దరు పంతం పడితే బాక్సు ధర ఎక్కడికి పోతుందో మనకు తెలియదా?

ఆ రోజు ఆర్సీబీ ఓడిపోయిందని మనవాళ్ళు గ్రూపులో ఎంత గోల చేశారో గుర్తుందా? మిగిలిన ఆ డబ్బుతో ఏం కొన్నారో చూడండి. హేజిల్‌వుడ్ 12.50 కోట్లు, జితేశ్ శర్మ 11 కోట్లు, భువనేశ్వర్ 10.75 కోట్లు, కృనాల్ పాండ్య 5.75 కోట్లు. 2025 జూన్ 3న అహ్మదాబాదులో పంజాబ్ మీద 6 పరుగులతో కప్పు గెలిచిన రోజు నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి రెండు వికెట్లు తీసి ఆట తిప్పింది ఆ కృనాలే. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన కప్పు. వేలం రోజు మనం చేసిన విమర్శలు ఆ రోజు ఎవరికైనా గుర్తొచ్చాయా?

ఇక సిరాజ్. ఏడు సీజన్లు మన జట్టుకు ఆడాడు. వేలానికి ముందు ఆర్సీబీ కోహ్లీ, పాటిదార్, యశ్ దయాళ్, ముగ్గురినే ఉంచుకుని మిగతావాళ్ళను వదిలేసింది. గుజరాత్ 12.25 కోట్లు పాడింది. వెనక్కి తీసుకోవడానికి ఆర్టీఎం కార్డు మన చేతిలో ఉండింది. వాడలేదు. అది జట్టు లెక్క, తప్పని నేను అనను. కానీ "సిరాజ్ పోయాడు" అనే మాట మాత్రం తప్పు. సిరాజ్‌ను వదిలేశారు. 2025 ఏప్రిల్ 2న చిన్నస్వామికి వేరే జెర్సీతో వచ్చి 19 పరుగులకు మూడు వికెట్లు తీసి మనల్నే ఓడించాడు. తీయక ఏం చేస్తాడు?

హైదరాబాద్ అభిమానులకూ ఒక మాట. 2016 మే 29న ఇదే చిన్నస్వామిలో ఫైనల్లో మనల్ని 8 పరుగులతో ఓడించిన మీ జట్టులో భువనేశ్వర్ ఉన్నాడు. పదకొండు సీజన్లు మీకు ఆడాడు. అతన్ని మీరూ వదిలేశారు. మొన్నటి కప్పు మాతో ఎత్తాడు. హైదరాబాద్ పిల్లవాడు బెంగళూరుకు ఆడి గుజరాత్‌కు పోయాడు. మీరట్ మనిషి హైదరాబాద్‌కు ఆడి బెంగళూరుకు వచ్చాడు. బెంగళూరులో పుట్టిన కె.ఎల్. రాహుల్ ఢిల్లీకి ఆడుతూ అదే ఏప్రిల్ 10న చిన్నస్వామిలో 93 కొట్టి, నేల మీద బ్యాటుతో గీత గీసి ఇది నా గ్రౌండని చూపించాడు. ఇందులో ఎవరు ద్రోహి? ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, చెక్‌పోస్టు దాటితే పలమనేరు. సరిహద్దు మీద బతికే మనమే ఒకరి భాషను ఒకరు ఎత్తిపొడుచుకుంటే ఎట్లా? గ్రూపు వదిలి పోయిన ఆ ఇద్దరు అన్నలు దయచేసి వెనక్కి రండి.

డల్లస్‌లో ఉండే మా అక్క కొడుకుకు బేస్‌బాల్ పిచ్చి. మనకు డిసెంబరులో ఎట్లా ఉంటుందో వాళ్ళకూ చలికాలమంతా అట్లాగే. ఆట ఉండదు, ఎవరు ఏ జట్టుకు పోతారన్న వాదనలే ఉంటాయి. కానీ ఒక తేడా చెప్పాడు. అక్కడ ఆరేళ్ళ సర్వీసు నిండి ఒప్పందం ముగిస్తే ఆటగాడు స్వతంత్రుడు. పిలిచిన జట్లతో తనే మాట్లాడుకుని తనకు నచ్చినచోటికి పోతాడు. ఒహ్‌తానీ 2023 డిసెంబరులో డాడ్జర్స్‌ను అట్లా ఎంచుకున్నాడు, పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు. మన ఐపీఎల్‌లో ట్రేడ్ అయితే ఆటగాణ్ణి అడుగుతారు. జట్టులో ఉండనని బయటికీ రావచ్చు. కానీ వేలంలో పేరు పెట్టాక ఎవరు పాడితే వాళ్ళ దగ్గరికి పోవాల్సిందే.

అమెరికాలో ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. ఆయన పోనన్నాడు. నన్ను అడగకుండా కొనడానికి, అమ్మడానికి నేను ఆస్తిని కాదని బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. సుప్రీంకోర్టు దాకా పోయి 1972లో ఓడిపోయాడు. ఆట జీవితం పోగొట్టుకున్నాడు. 1975 చివర్లో వేరే ఇద్దరి కేసులో తీర్పు వచ్చాక మిగతావాళ్ళకు దారి తెరుచుకుంది.

ఐపీఎల్ ఆటగాళ్ళను చూసి జాలిపడమని చెప్పడం లేదు. కోట్లు వస్తాయి, ఇష్టపడే పేరిస్తారు. నేను అడిగేది ఒకటే. కోట్లు తీసుకునేవాడికే వేలంలో అవమానం ఉంటే, రూపాయి కూడా రాని మన పిల్లలకు ఆ అవమానం ఎందుకు పెడుతున్నాము?

పోయినసారి ఏం జరిగిందో చెప్తాను. 91 మంది పేర్లిచ్చారు. ఆరు జట్లు, జట్టుకు పదమూడు మంది, మొత్తం 78 చోట్లు. చివరికి పదమూడు మంది మిగిలారు. ఒక్కొక్కరి పేరు మైకులో చదివి "అన్‌సోల్డ్" అని చెప్పడం, వెనక నుంచి ఈలలు, నవ్వులు. ఆ మైకు నా చేతిలోనే ఉంది. నేనూ నవ్వాను. టీవీలో చేసినట్టే చేస్తున్నామని మురిసిపోయాను.

ఆ పదమూడు మందిలో ఒక పిల్లవాడు మండీలో బాక్సులు మోసి చదువుకునేవాడు. కీపింగ్ చేస్తాడు. ఆదివారం పొద్దున అందరికంటే ముందు వచ్చి స్టంపులు పాతేది వాడే. సంక్రాంతి అయిన రెండు వారాలకు వాళ్ళమ్మ అంగడి దగ్గర కనబడి అడిగింది: "ఏమన్నా, మావాడు ఎవరికీ పనికిరాడని మైకులో చెప్పినారంట కదా?" నాకు నోట మాట రాలేదు. వాడు ఆ తర్వాత గ్రౌండుకు రాలేదు. నేను రెండుసార్లు ఇంటికి పోయి పిలిచాను. పని ఉందన్నా అంటాడు.

2022 వేలంలో రజత్ పాటిదార్‌ను ఎవరూ కొనలేదు. తర్వాత ఒకరికి గాయమైతే 20 లక్షలకు పిలిపించారు. ఆ ఏడాదే ఎలిమినేటర్‌లో లక్నో మీద 54 బంతుల్లో 112 నాటౌట్. మూడేళ్ళకు కెప్టెనయ్యి కప్పు ఎత్తాడు. అన్‌సోల్డ్ అన్న మాటను తట్టుకోవడానికి పాటిదార్‌కు రంజీ ఉంది, కోచ్‌లు ఉన్నారు, మళ్ళీ పిలిచేవాళ్ళు ఉన్నారు. మన పిల్లవాడికి ఉన్నది మనమే. ఆ మాట అన్నది కూడా మనమే.

వేలం కావాలనేవాళ్ళ వాదన నాకు తెలుసు. జట్లకు డబ్బు పెట్టే దాతలు దాని వల్లే వస్తున్నారు. అందరికీ సమానమైన పాయింట్లు కాబట్టి జట్లు సమంగా ఉంటాయి. కుర్రాళ్ళకే అది ఇష్టం. మూడూ కొట్టిపారేసే మాటలు కావు. ఎక్కువ ధర పలికిన నలుగురైదుగురికి నిజంగానే ఇష్టం. కానీ సంఘం ఉన్నది ఆ నలుగురి కోసమేనా? పైగా డబ్బు పెట్టిన తమ్ముళ్ళకు గెలవాలన్న పట్టుదల పెరిగి, మ్యాచికి ఇంత అని కూలిచ్చి బయట ఊళ్ళ ఆటగాళ్ళను దించారు. కొనుక్కున్న మన పిల్లలు నీళ్ళ బాటిళ్ళు మోశారు.

అందుకే నేను వేరే పద్ధతి చెప్తున్నాను.

పేరిచ్చిన ప్రతి పిల్లవాడికీ జట్టు ఉండాలి. ఆరు కాదు, ఎనిమిది జట్లు, జట్టుకు పన్నెండు మంది. 96 చోట్లు అవుతాయి. ఎవరూ మిగలరు. ఒక్కొక్కరికి కనీసం ఒక మ్యాచిలో ఆడే అవకాశం ఇవ్వాలి.

కెప్టెన్లు సంఘం గదిలో కూర్చుని వరుసగా ఎంచుకోవాలి. ఎవరు ముందో చీటీ వేద్దాం. మొదటి రౌండులో చివర ఎంచుకున్నవాళ్ళు రెండో రౌండులో ముందు ఎంచుకుంటారు. జట్లు సమంగా ఉండాలంటే ఇది చాలు. అమెరికా బేస్‌బాల్‌లోనూ కొత్త కుర్రాళ్ళను 1965 నుంచి జట్లు వరుసగా ఎంచుకునే తీసుకుంటున్నాయి, బలహీనమైన జట్లకు మొగ్గు ఇచ్చి.

జాబితా బయటికి వచ్చేటప్పుడు పేర్లు అక్షరక్రమంలో ఉండాలి. ఎవరిని మొదట తీసుకున్నారు, ఎవరిని చివర తీసుకున్నారు అన్నది గది దాటకూడదు. పాయింట్లు లేవు, ధరలు లేవు, లైవ్ లేదు.

బయటి ఆటగాళ్ళు జట్టుకు ఇద్దరికి మించకూడదు. వాళ్ళు ఆ పన్నెండు మందికి అదనం. వాళ్ళ కోసం మన పిల్లల్లో ఎవరినీ తీసెయ్యకూడదు.

దాతల పేరు జట్టు మీద, జెర్సీ మీద, స్టేజీ మీద ఉంటుంది. మైకులో వాళ్ళను ఎంత పొగడమన్నా పొగుడుతాను. ఐపీఎల్ వేలం గురించి గ్రూపులో ఎంత కొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, అది మన పండగ. నేనూ కొట్టుకుంటాను. కానీ వేలంపాట మండీలో టమోటాకు ఉండనీండి, టీవీలో కోటీశ్వరులకు ఉండనీండి.

ఆదివారం సాయంత్రం మీటింగులో ఈ మాట పెడతాను. ఒప్పుకునేవాళ్ళూ రండి, ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రండి. ఆ ముందు పొద్దున నేను మళ్ళీ ఆ పిల్లవాడి ఇంటికి పోతున్నాను. ఈసారి ఆటకు పిలవడానికి కాదు, మైకు పట్టుకున్నది నేనే కాబట్టి తప్పు ఒప్పుకోవడానికి. పోయినసారి వెనక నిలబడి ఈల వేసినవాళ్ళు ఎవరైనా తోడు వస్తామంటే ఏడు గంటలకు బస్‌స్టాండు దగ్గర ఉంటాను.