వేట విరామం వర్తకుని ఖాతాలోనూ రాసుకోవాలి

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు రేవు దాటవు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో సరుకు రాబడి పడిపోతుంది. పాటలు పల్చబడతాయి. ఐసుకు గిరాకీ తగ్గుతుంది. నిల్వ సరుకు చేతిలో వున్నవారి మాటే ధరగా చెలామణి అవుతుంది. ఈ రెండు నెలలనూ మన చేపల వర్తకులు మూఢం మాదిరిగా చూడడం అలవాటు చేసుకున్నారు. ఎలాగో గడిస్తే చాలు, ఆపైన చూసుకుందామన్న ధోరణి కనిపిస్తున్నది. ఇది సరి అయినది కాదు. వేట విరామం సర్కారు పెట్టిన సుంకం కాదు. వచ్చే యేటి సరుకుకు మనం ముందుగా కట్టే బయానా. ఆ బయానా ఎగవేసే వర్తకంలో అసలుకే మోసం వస్తుందనడానికి గోదావరి పులసకు మించిన ఉదాహరణ లేదు.

నదిలో చేప తగ్గుతున్నదన్న మాట నిన్న మొన్నటిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో పైరు పండింది, ధాన్యం వర్తకం వృద్ధి చెందింది. ఆ మేలును కాదనేవారు లేరు. కాని సముద్రం నుండి ఏటికి ఎదురీది వచ్చే పులసకు ఆ కట్టే అడ్డుగోడ అయింది. విశేషమేమంటే, ఈ సంగతిని తొలుత పైవారి దృష్టికి తెచ్చినవారిలో ఆ ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కూడా ఒకరు. మద్రాసు రాష్ట్రపు నదులపై చేపలకు దారి విడవకుండా కట్టిన ఆనకట్టల వల్ల మత్స్య సంపదకు నష్టం కలుగుతున్నదేమో విచారించవలసిందని ఆయన 1867లో లండన్ ప్రభుత్వానికి రాశారు. దరిమిలా మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే ఈ విచారణకు పూనుకుని, 1873లో దేశంలోని మంచినీటి చేపలపై నివేదిక వెలువరించారు. ఆనకట్టల్లో చేపలు ఎక్కేందుకు దారులు వుండాలనీ, వల కన్నుకు కనీసపు కొలత పెట్టాలనీ ఆయన వాదన.

ఆ వాదనకు చట్టం రూపం వచ్చేసరికి మరి 24 ఏళ్ళు పట్టింది. 1897లో భారత మత్స్య చట్టం చేశారు. మందుగుండు పేల్చి చేపలు పట్టినా, నీటిలో విషం కలిపినా 2 నెలల వరకు ఖైదు లేదా 200 రూపాయల వరకు జరిమానా అన్నారు. మందుగుండు నిషేధం తీరం నుండి ఒక సముద్రపు లీగు, అంటే సుమారు 3 నాటికల్ మైళ్ళ మేర సముద్రానికి కూడా వర్తించింది. స్థిరంగా పాతిన వలలు, మాటులు, వలల కొలత, రకం విషయమై నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారు. ఒక నీటి భాగంలో 2 ఏళ్ళకు మించకుండా వేట మొత్తం ఆపే అధికారం కూడా ఇచ్చారు. సొంత నీటికి మాత్రం ఆ నియమాలు వర్తింపజేయాలంటే సొంతదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఈ చట్టాన్ని వర్తకుని కళ్ళతో చదివితే రెండు లోపాలు స్పష్టమవుతాయి. నియమాలన్నీ వల పట్టినవాని చుట్టూనే తిరిగాయి. నదికి అడ్డంగా కట్టిన గోడ సర్కారుది కనుక దానికి జరిమానా లేదు. ఇక రెండవది, ఆ చేపను పాట పాడి కొన్నవాని ఊసే ఆ నియమాల పట్టికలో లేదు. కొనుగోలుదారు వున్నంతకాలం పట్టేవాడు వుంటాడన్న బజారు సూత్రం ఆనాటి శాసనకర్తలకు తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో!

రక్షించదలచిన చోట ఆనాటి ప్రభుత్వం శ్రద్ధగానే రక్షించింది. 1879లోనే నీలగిరుల్లో వేట జంతువులకు, చేపలకు ప్రత్యేక చట్టం చేశారు. అక్కడ గాలం వేసేవారు దొరలు. గోదావరి లంకల్లో వల వేసేవారు పల్లెకారులు. దొరల వినోదానికి పట్టినంత శ్రద్ధ పల్లెకారుని కూటికి పట్టలేదు. అందుకే మన మత్స్యకార కుటుంబాల్లో నియమం అనగానే అనుమానం నేటికీ వుంది. ఆ అనుమానాన్ని అజ్ఞానమని తీసిపారేయడం న్యాయం కాదు.

నేటి పరిస్థితి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. వేట విరామం మొదట్లో 45 రోజులకు కాస్త అటూ ఇటూగా సాగి, 2015 నుండి 61 రోజులయింది. పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు అమలవుతున్నది. విరామ కాలపు భృతిగా మన రాష్ట్రంలో మత్స్యకార కుటుంబానికి 2019 నుండి 10,000 రూపాయల చొప్పున ఇచ్చారు. 2025లో దానిని 20,000 చేశారు. 1897 నాటి చట్టానికీ దీనికీ తేడా ఇక్కడే వుంది. ఆనాడు ఆపమన్నారే గాని ఆగినవాడు ఏం తింటాడని అడగలేదు.

అయినా పులస విషయంలో ఈ విరామం ఫలితం స్వల్పం. కారణం తేదీల్లోనే వుంది. సముద్రంలో నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. గోదావరికి ఎర్రనీరు తగిలేది ఆ తర్వాతనే. జూలై నుండి సెప్టెంబరు వరకు, కడుపునిండా గుడ్లతో పులస ఏరు ఎక్కే వేళకు, సముద్రంలో మరబోట్లు, నదీముఖాన వలలు, ఆపైన లంకల వెంట నాటుపడవలు సిద్ధంగా వుంటాయి. వీటన్నింటినీ తప్పించుకున్న చేపకు ధవళేశ్వరం వద్ద కట్ట ఎదురవుతుంది. ఒక్కో తల్లి చేప లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లతోసహా దానిని పాటలో పెట్టి, గుడ్డు వున్నందుకు మరికొంత ధర కూడా పాడుతున్నాము. నదిలో నియమాలు కాగితం మీద ఏవి వున్నా, బజారులో పులస పాట బాహాటంగానే సాగుతున్నది.

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత వర్తకునికి బంగారు గని వంటిదే. సరుకు కొరవడిన కొద్దీ ధర ఎగబాకుతున్నది గనుక నష్టమేమున్నదని కొందరు దళారులు వాదిస్తారు. ఈ లెక్కలో పొరపాటు వుంది. వర్తకుడు బతికేది ఒక్క చేప మీద వచ్చే ధరతో కాదు, ధరను రాబడితో గుణిస్తే వచ్చే మొత్తంతో. పది చేపలు వచ్చే చోట ఒక్క చేప వస్తే, ఆ ఒక్కదాని పాట పత్రికలకెక్కుతుందే గాని కమీషను ఖాతా నిండదు. పైగా సరుకు దొరకనప్పుడు ఇతర ప్రాంతాల ఇలస వచ్చి గోదావరి పులస పేరు మీద అమ్ముడుపోతున్నది. ఒకసారి మోసపోయిన కొనుగోలుదారు రెండవసారి అసలు సరుకును కూడా నమ్మడు. పేరు చెడిన సరుకుకు ధర నిలవదని మిర్చి, పసుపు వర్తకులను అడిగినా చెబుతారు.

ఇదే చేపతో బంగ్లాదేశ్ ఏం చేసిందో మన వర్తకులు గమనించాలి. అక్కడ ఆశ్వయుజ పౌర్ణమికి అటూ ఇటూగా 22 రోజులు ఇలస వేట పూర్తిగా ఆపుతారు. వేటతోపాటు అమ్మకం, రవాణా, నిల్వ కూడా ఆ రోజుల్లో నిషేధమే. నవంబరు నుండి జూన్ వరకు 25 సెంటీమీటర్లకు లోపు పిల్ల ఇలసను పట్టరాదు. ఆగినవారికి బియ్యం ఇస్తారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులకు దిగిన వారి ఇలస రాబడి, 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. పెరుగుదల అంతా విరామం చలవేనని చెప్పలేము. బోట్లు, వలలు కూడా పెరిగాయి. ఇటీవలి సంవత్సరాల్లో రాబడి తిరిగి ఒడిదుడుకులకు లోనైన మాట కూడా నిజం. కాని బజారును సైతం నియమంలోకి తెచ్చిన చోట నియమం నిలిచిందన్నది గ్రహించవలసిన అంశం. మన కేరళలో కూడా 1988లో వర్షాకాలపు ట్రాలింగ్ నిషేధం మొదలైనప్పుడు బోటు యజమానులు గగ్గోలు పెట్టారు. తర్వాత అదే రాష్ట్రం 58 రకాల చేపలకు కనీస కొలతలు నిర్ణయించింది.

ఎదురు వాదనలు లేకపోలేదు. మనం కొనడం మానితే పక్క బజారు కొంటుందన్నది అందులో మొదటిది. ఇందులో నిజం వుంది. పులస పాటకు పేరుపడిన యానాం పుదుచ్చేరి పాలనలోనిది. రాజమండ్రి ఆపి, యానాం ఆపకపోతే నష్టపోయేది రాజమండ్రి వర్తకుడే. అందుచేత రెండు ప్రభుత్వాలూ ఒకే తేదీలు ప్రకటించాలని రెండు బజార్ల వర్తక సంఘాలూ కలిసి అడగాలి. రెండవ వాదన పల్లెకారుని బతుకు గురించి. దీనికి జవాబు మన అడ్వాన్సు పద్ధతిలోనే వుంది. సీజనుకు ముందు వలకు, పడవకు పెట్టుబడి ఇచ్చి, పట్టిన చేప మనకే వేయాలని కట్టడి చేస్తున్నాము. బాకీ మెడ మీద వున్న మనిషి పిత్తపరిగె పడినా వదలలేడు, గుడ్డు చేప పడినా వదలలేడు. అతనిని తప్పుపట్టే ముందు మన షరతులు మనం సరిచూసుకోవాలి.

కాబట్టి చేయదగినవి ఇవి. పులస ఎక్కువగా ఏరు ఎక్కే రోజుల్లో, శాస్త్రజ్ఞులు సూచించిన 3 వారాలపాటు, ఆంధ్ర, యానాం రెండు చోట్లా వేటనే గాక పాటను, రవాణాను కూడా ఆపాలి. సముద్రపు విరామానికి ఇచ్చినట్టే ఆ రోజులకు నదిలో వేటాడే కుటుంబాలకు కూడా భృతి ఇవ్వాలి. పిల్ల ఇలసకు కనీస కొలత నిర్ణయించి, అంతకు లోపు సరుకును కాటా మీద పెట్టనివ్వరాదు. అడ్వాన్సు పత్రాల్లో బాకీ గడువును విరామపు రోజుల మేర పొడిగించాలి. వరద గేట్లు ఎత్తినప్పుడు తప్ప చేపకు దారి దొరకని బ్యారేజీ విషయం ప్రభుత్వం తేల్చాలి. డే చెప్పి 150 ఏళ్ళు దాటిపోయింది.

వీటిలో చివరిది ప్రభుత్వ కర్తవ్యం. మిగిలినవాటిలో చాలా భాగం ఏ జీవో కోసమూ ఎదురుచూడకుండా వర్తక సంఘాలు తీర్మానించుకోగలవు. తూనిక మోసాలు ఆపడానికి, తడి సరుకును తిప్పికొట్టడానికి మన యార్డుల్లో వర్తకులే కట్టుబాట్లు చేసుకున్న సందర్భాలు అనేకం. చేప విషయంలో అదే కట్టుబాటు చేసుకోవడం అసాధ్యం కాదు. ధాన్యపు వర్తకుడు విత్తనం గింజను మిల్లుకు తోలడు. చేపల వర్తకుడు కూడా ఆ పాటి లెక్క తెలిసినవాడే. వచ్చే ఎర్రనీటికి ముందుగా రాజమండ్రి, యానాం సంఘాలు ఒక్కచోట కూర్చుంటే, ఈ సీజను కమీషను కొంత తగ్గినా, పదేళ్ళ తర్వాత కూడా పాట పాడడానికి పులస మిగిలి వుంటుంది.