చరవాణి కొరత – మిరప కుప్ప



గిరాకీ ఉన్న సరుకును కర్మాగారం వారు ఇంకొంత ఎక్కువ చేసి అమ్ముకోరాదా అని ఈ మధ్య మా ఊరి అరుగు మీద చర్చ నడిచింది. "ధర పెంచడానికి కావాలనే తగ్గించి చేస్తారండీ" అని ఎక్కువమంది తీర్పు చెప్పారు. అందులో సగమే నిజమని నా అభిప్రాయం.

జియోఫోన్ నెక్స్ట్ సంగతి చూడండి. 2021లో రిలయన్స్ వారు గూగుల్‌తో కలిసి ఈ చౌక చరవాణిని (ఈ మాట నాకు ప్రియం, మీరు సెల్లని చదువుకున్నా తప్పులేదు) వినాయక చవితికి, అనగా సెప్టెంబరు 10న, తెస్తామన్నారు. చవితి వెళ్లింది, చరవాణి రాలేదు. చివరికి దీపావళినాడు 6,499 రూపాయల ధరతో వచ్చింది. చిప్పుల కొరతే ఆలస్యానికి కారణమని వారే ప్రకటించారు.

చరవాణిలో వందల భాగాలుంటాయి. ఒక్కటి అందకున్నా తక్కినవన్నీ వృథాగా పడి ఉండవలసినదే. తమిళనాడు అంచున మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు 2015లో షియోమీ ఫోన్లు చేయనారంభించారు. అది కూర్పు పని. మనుషులను పెంచితే కూర్పు వేగం పెరుగుతుంది గాని, చిప్పు త్వరగా పుట్టదు. సిలికాన్ పలక చిప్పుగా మారడానికి ఇంచుమించు మూడు నెలలు. పత్తి విత్తినవాడు కాయ పగిలేదాకా ఆగినట్లే ఆగాలి. పైగా 2021లో తైవానులో వానలు లేక, చిప్పుల కర్మాగారాలు ట్యాంకర్లతో నీళ్లు తోలించుకున్నాయి. ప్రకాశం జిల్లావారికి ఆ దృశ్యాన్ని నేను వర్ణించనక్కరలేదు.

కొత్త కర్మాగారం కట్టవచ్చు గదా అంటారు. వేల కోట్లు పోసి, ఏళ్ల తరబడి కట్టి తలుపులు తెరిచేసరికి గిరాకీ పడిపోతే? ఆ భయం ఉత్తది కాదు. కరోనా కాలపు కొనుగోళ్ల జోరు తగ్గాక, 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ అంతటి సంస్థే మెమరీ చిప్పుల ఉత్పత్తిని తగ్గించుకుంటున్నట్లు ప్రకటించింది. అరుగు మీది తీర్పులో నిజమైన సగం ఇదే: వారు వెనుకాడతారు. అందుకు నేను వారిని తప్పు పట్టను.

మన మిరప రైతుకు ఆ వెనుకాడే వెసులుబాటు ఏదీ? ఒక ఏడు ధర బాగుందని నల్లరేగడి అంతా మిరప వేశారు. 2017లో గుంటూరు యార్డులో ధర కుప్పకూలి, చివరికి కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలతో జోక్యం చేసుకోవలసివచ్చింది. 2025లోనూ మళ్లీ కేంద్రమే 11,781 రూపాయలని నిర్ణయించింది. శాంసంగ్ యంత్రం ఆపగలదు. నాటిన మొక్కను రైతు ఆపలేడు. కోసిన కాయను శీతల గిడ్డంగిలో దాచుకుంటే అద్దె, అప్పు మీద వడ్డీ.

నారు పోయకముందే, గిడ్డంగుల్లో ఎన్ని టిక్కీలు మిగిలాయో, ఏ మండలంలో ఎన్ని ఎకరాలు మిరపకు సిద్ధమవుతున్నాయో ఊరూరా దండోరా వేయించడం మన ప్రభుత్వాలకు అంత కష్టమా?