రాబోయే రాక్షసులు

తార్నాకలో చాయ్ బండి దగ్గర ఉస్మానియా కుర్రాళ్ళు తెగ వాదించుకుంటున్నారు. కొత్త సినిమా గురించేమో అనుకున్నాను. కాదట! 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటకి రాబోయే పుస్తకాల్లో ఏ రాక్షసులుంటారన్నది గొడవ!

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు పుట్టించిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగతావారు పాత్రలవుతారు. గుహలోకి దూకడం మీ ఇష్టం. బతికి బయటపడటం ఇరవై ముఖాల పాచిక దయ! 2024లో నిబంధనల పుస్తకాన్నీ, 2025లో రాక్షసుల పుస్తకాన్నీ కొత్తగా తిరగరాసి వదిలారు.

"మన 'పాతాళభైరవి' తోటరాముడు, మాంత్రికుడు ఏం పాపం చేశారోయ్?" అన్నాను.

"ఆడొచ్చు సార్! అలా కథ చెప్పేవాళ్ళేరీ?" అన్నారు.

తమ్ముళ్ళూ! కొత్త పుస్తకాలు వచ్చేలోగా మీ అమ్మమ్మని కూర్చోబెట్టి నాలుగు కథలు చెప్పించుకోండి. ఆ గ్రంథానికి రెండో ముద్రణ ఉండదు!