అరిటాకు సామెత మన పిల్లలకొద్దు

మూడేళ్ళ కిందటి మాట. దివిసీమ వైపు ఒక హైస్కూల్లో మగపిల్లల మరుగుదొడ్డి గోడ మీద ఎవడో బొగ్గుతో ఒక పేరు రాశాడు. తొమ్మిదో తరగతి ఆడపిల్ల పేరు. పక్కన ఒక పిల్లాడి పేరు. కింద ఒక పాడుబొమ్మ. ఆ ఇద్దరూ మన పేట పిల్లలే. నోటు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, బడి వదిలాక కాలవగట్టు మీద కలిసి నడిచేవాళ్ళు. అంతకుమించి ఎవరూ ఏమీ చూళ్ళేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి సంగతి స్టాఫ్ రూముకొచ్చింది. ఆడపిల్ల తండ్రికి కబురెళ్ళింది. పిల్లాడి తండ్రికి వెళ్ళలేదు. బొమ్మ గీసినవాడెవడని ఎవరూ అడగలేదు. ఆ తండ్రి నాట్లు జరిగే పొలం నుంచి కాళ్ళకి బురదతో వచ్చి, గుమ్మం అవతలే నిలబడ్డాడు. ఒక పెద్ద టీచరుగారు, నిజానికి మంచి మనిషే, ఆయన్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు: "చూడు నాయనా, ముల్లెళ్ళి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే గదా!" ఆయన చేతులు కట్టుకుని, "మేష్టారూ, పిల్లని ఇంటికాడే పెట్టుకుంటానండీ" అన్నాడు. మావైపు చూసే అన్నాడు. ఆ గదిలో పేటల్నుంచి చదువుకొచ్చిన టీచర్లం ముగ్గురం ఉన్నాం. ముగ్గురం తలలు దించుకున్నాం.

ఏడాది తిరక్కుండా ఆ పిల్లని మేనమామకిచ్చి పెళ్ళి చేశారు. పిల్లాడు పది పాసై బెజవాడలో ఇంటర్ చేరాడు. చేరాలి కూడా, మాకు వాడి మీద కోపం లేదు. ఒకే గోడ మీద రెండు పేర్లు రాసినప్పుడు ఒకరి చదువే ఎందుకు పోయిందన్నదే మా ప్రశ్న.

ఆ ఒక్క పిల్లే అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. వీటికి పేదరికం కారణమంటారు, కట్నం కారణమంటారు. నిజమే. కానీ "పేరు పోతుందేమో" అన్న భయం కూడా ఆ పెళ్ళిళ్ళ వెనక ఉంది. కట్నానికి అప్పు దొరుకుతుంది. పోయిన పేరుకి అప్పిచ్చేవాడు లేడు గదా!

అరిటాకు సామెత విననివాళ్ళు మన డెల్టాలో ఉండరు. అరటితోటల దేశం మనది. అయితే ఆ సామెతలో ఒక మోసముంది. ముల్లు పుట్టుకతోనే ముల్లు. మరి మగపిల్లాడు? పదేళ్ళప్పుడు పక్కింటి పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడినవాడే పదిహేనేళ్ళకి గోడ మీద ఆ పిల్ల పేరు రాస్తున్నాడంటే, నడుమ అయిదేళ్ళలో వాణ్ణి ముల్లుగా చెక్కిందెవరు?

ఆ సంఘటన తర్వాత మేం పదో తరగతిలో ఒక పని చేశాం. పేర్లు రాయొద్దని చెప్పి పిల్లలందరికీ చీటీలిచ్చాం. నలుగురు ఆడపిల్లలతో తిరిగే అబ్బాయిని ఊళ్ళో ఏమంటారు? నలుగురు అబ్బాయిలతో మాట్లాడే అమ్మాయిని ఏమంటారు? రాయమన్నాం. అబ్బాయికి వచ్చిన మాటలు హీరో, మొనగాడు, రోమియో, "వాడికేంరా". మహా అయితే "పోకిరి". అమ్మాయికి వచ్చిన మాటలు ఈ పత్రికలో అచ్చు వెయ్యలేం. మమ్మల్ని కలవరపెట్టింది యింకొకటుంది. ఆడపిల్లల గుండ్రటి దస్తూరీతో ఉన్న చీటీల్లో కూడా అవే మాటలున్నాయి. తమని కొట్టే కర్రని తామే నూరి పెట్టుకుంటున్నారు. ఒక్క చీటీలో మాత్రం జవాబు లేదు, ప్రశ్న ఉంది: "మా అన్నయ్య రాత్రి పదకొండుకి వస్తే మా అమ్మ అన్నం పెడుతుంది. నేను ఆరుకి వస్తే ఎందుకు కొడుతుంది సార్?"

ఈ చదువు పిల్లలకి ఎవరు చెప్పారు? మొదట ఇల్లు చెప్పింది. కొడుకు ఫోనులో ఏం చూస్తున్నాడో అడగని తల్లి, కూతురి ఫోను లాక్కుంటుంది. తర్వాత బడి చెప్పింది. సైన్సు పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసే టీచర్లం మేమే. మేం తిప్పేసిన పేజీని వాడికి సెల్లు చెబుతుంది, అదీ సెల్లు చెప్పే పద్ధతిలో చెబుతుంది. ఆ తర్వాత సినిమా. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు వీధులకి వీధులు ఉండేవి, అక్కణ్ణించే డబ్బాలు కోస్తా ఊళ్ళకి వెళ్ళేవి. ఆ డబ్బాల్లో ఏం వెళ్ళింది? వద్దన్న పిల్ల వెంటపడటం ప్రేమ. కాదన్న పిల్లకి బుద్ధిచెప్పటం మగతనం. మంచి హీరోయిన్‌కి అణకువ, డాన్సులాడే ఆవిడకి పేరు కూడా ఉండదు. తిరునాళ్ళకి రికార్డింగ్ డాన్సు పెట్టించి, నోట్లు విసిరిన పెద్దమనిషి మర్నాడు గుళ్ళో తీర్థం అందుకుంటాడు. ఆ స్టేజీ మీద ఆడిన ఆడకూతురికి ఊళ్ళో అద్దెకి ఇల్లివ్వరు. పన్నెండేళ్ళ పిల్లాడు తండ్రి భుజాల మీద కూర్చుని ఈ రెండూ చూస్తున్నాడు. వాడికి వేరే ట్యూషనెందుకు?

మన చర్చీలనీ వదలొద్దు. వ్యభిచారంలో పట్టుకున్నామంటూ ఒక స్త్రీని యేసు దగ్గరికి లాక్కొచ్చిన కథ పేటల్లో తెలియనివాళ్ళు లేరు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఇద్దరికీ శిక్షే. మరి ఆ మగాడేడీ? రాళ్ళు పట్టుకొచ్చిన గుంపులో వాడూ ఉన్నాడేమో! ఆ రాళ్ళని కింద పడేయించిన దేవుణ్ణి కొలుస్తూ, సంఘ క్రమశిక్షణ పేరుతో ఆడవాళ్ళ మీదకే రాళ్ళెందుకు ఏరుకుంటున్నాం?

ఉద్యమంలో కొందరు మిత్రులకి ఈ మాటలు నచ్చవు. "మొదట కులం పోవాలి, యిది చదువుకున్న అగ్రకుల ఆడవాళ్ళ గొడవ" అంటారు. వాళ్ళకి మా మనవి, బాబాసాహెబ్‌ని మళ్ళీ చదవండి. 1916లో, పాతికేళ్ళ వయసులో, కొలంబియా యూనివర్సిటీలో 'భారతదేశంలో కులాలు' అన్న పత్రం చదివాడాయన. కులం బతికేది కులంలోనే పెళ్ళి అన్న కట్టుబాటు మీద అని తేల్చాడు. ఆ లెక్క తప్పకుండా ఉండాలంటే భర్త పోయిన ఆడదాన్ని ఏదో ఒకటి చెయ్యాలి. చితి మీద కాల్చాలి, లేదా గుండు గీసి మూల కూర్చోబెట్టాలి. మరి భార్య పోయిన మగాణ్ణి? వాణ్ణి కాల్చరు, కులానికి వాడు కావాలి. వాడికోసం యింకా ఈడు రాని పసిపిల్లని తెచ్చి కట్టబెడతారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం మూడూ కులం కంచెకి వేసిన గుంజలే. అంటే ఆడదానికొక నీతి, మగాడికొక నీతి అనేది కులానికి అంటుకున్న దుమ్ము కాదు. కులం నిలబడ్డ పునాదే అది. పునాదిని ఇంట్లో దాచుకుని గోడ పడగొడతామంటే ఎలా పడుద్ది? ఆ పునాదిని చట్టంతో కదిలించాలని చూసిన హిందూ కోడ్ బిల్లు ఆగిపోవటం 1951లో ఆయన మంత్రిపదవి వదిలెయ్యటానికి ఒక ముఖ్య కారణం.

ఆ రెండు త్రాసులు మన మెడకి ఎలా చుట్టుకున్నాయో ఈ డెల్టాకి తెలుసు. చుండూరు జరిగినప్పుడు మేం ప్రైమరీ బడి పిల్లలం. తెనాలి పక్కన ఆ ఊళ్ళో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకి తగిలిన దగ్గర గొడవ రాజుకుని, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది మనవాళ్ళని నరికి చంపేదాకా పోయింది. తర్వాత వాళ్ళు చెప్పిన సాకేమిటి? "మా ఆడవాళ్ళని అల్లరిపెట్టారు" అని! ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తమ ఆడపిల్ల మానం అంటే చంపటానికి లైసెన్సు. మన ఆడపిల్ల మానం అంటే? కళ్ళాల్లో, కంది చేలల్లో ఏళ్ళ తరబడి జరిగిన దానికి ఏ కోర్టులో కేసుంది?

బెజవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ముస్లిం యింటి పిల్ల. టీకొట్ల దగ్గర మేం విన్న మొదటి మాట "ఆ పిల్ల ఎలాంటిదో" అని. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి నేరస్థుడన్నారు. విజయవాడ కోర్టు 2010లో శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. జైల్లో పోయిన ఆ ఏళ్ళు ఎవరు తిరిగిస్తారు? చచ్చిపోయిన ఆడపిల్ల శీలం మీద అనుమానం, బతికున్న దళితుడి మీద నమ్మకంగా నేరం. ఈ రెండూ ఒకే బుర్రలోంచి వస్తాయి.

ఇప్పుడు 2012 పోక్సో చట్టం ఉంది. పద్దెనిమిది నిండని పిల్లలకి రక్షణ కావాలి, ఆ చట్టం ఉండాలి. కానీ మేం పేటల్లో చూసిన సంగతి చెప్తాం. పిల్లాడు మనవాడు, పిల్ల పెద్దకులానిదైతే రాత్రికి రాత్రి కేసు. పిల్లాడు పెద్దకులం వాడు, పిల్ల మనదైతే పెద్దమనుషుల పంచాయితీ, చేతిలో కొంత డబ్బు, "పిల్ల బతుకు బజారున పడుద్ది, ఊరుకోండి" అనే సలహా. ఆ సలహా మన పెద్దలూ ఇస్తున్నారు. అదే అరిటాకు సామెత!

యిక మన ఇంటి సంగతి. మా నాయనమ్మ మొదటి మొగుడు పోయాక మారుమనువు చేసుకుంది. పేటలో ఎవరూ దాన్ని తప్పనలేదు. మా అమ్మ మగాళ్ళతో సమానంగా పొలంలోకి దిగింది, దారిలో ఎవరు పలకరించినా నవ్వి మాట్లాడింది. పేటలో ఆడవాళ్ళకి స్వర్గముండేదని మేం చెప్పటం లేదు. తాగొచ్చి కొట్టిన మగాళ్ళని కళ్ళారా చూశాం. అయినా "మాట్లాడితే పేరు పోద్ది" అన్న భయం మా అమ్మకి లేదు. మా వంశంలో మొదటి డిగ్రీ మాది. ఉద్యోగం వచ్చింది, టౌనులో డాబా వచ్చింది. ఆ డాబాతో పాటు పెద్దకులాల పరువు కూడా వాయిదాల మీద కొని తెచ్చుకున్నాం. ఇప్పుడు మా కూతుర్ని గుమ్మంలో నిలబడొద్దంటున్నాం. మా కొడుకుని ఎక్కడికెళ్ళావని అడగం. తరాల తరబడి మనల్ని ఊరి బయట పెట్టిన కంచెనే తెచ్చి మన ఆడపిల్ల చుట్టూ నాటి, అభివృద్ధి అంటున్నాం. ఇదే మాట దళిత స్త్రీలు ఎప్పట్నించో మనకి చెబుతున్నారు. 'నల్లపొద్దు' సంకలనం వచ్చింది. సభల్లో దాన్ని పొగిడిన మనం ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాం.

టీచర్లకి ఇంకో మాట. జనవరి 3న బళ్ళో సావిత్రీబాయి ఫూలే పటానికి దండ వేస్తాం. ఆమె ఆడపిల్లలకి బడి పెట్టింది అని చెప్పి దిగిపోతాం. 1863లో పూనాలో ఫూలే దంపతులు పెట్టిన ప్రసవ కేంద్రం సంగతి చెప్పం. ఇంటి మగాళ్ళ వల్లే గర్భవతులై, ఇంట్లోంచి గెంటివేయబడ్డ బ్రాహ్మణ వితంతువులకి ఆమె పురుడు పోసింది. అలా పుట్టిన ఒక బిడ్డనే పెంచుకుని యశ్వంత్ అని పేరు పెట్టుకుంది. ఆకెళ్ళి ముల్లు మీద పడిందా అని ఆమె అడగలేదు. మనం టీచర్లమైతే ఆమె వారసులం.

అందుకని మేం కొన్ని పనులు అడుగుతున్నాం. బళ్ళో గొడవ వస్తే ఇద్దరి తల్లిదండ్రుల్నీ పిలవాలి, లేదా ఎవర్నీ పిలవొద్దు. ఆడపిల్ల చేతిలో టీసీ పెట్టే పని ఏ టీచరూ చెయ్యకూడదు. సైన్సులో ఆ పాఠాన్ని అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి కూర్చున్న తరగతిలోనే చెప్పాలి. 'వద్దు' అంటే వద్దు అనే అర్థమని మగపిల్లలకి చెప్పాలి. పేటలో అంబేద్కర్ యువజన సంఘాల్లో జెండా మొయ్యటానికి మగపిల్లలు, జయంతి రోజు ముగ్గులెయ్యటానికి ఆడపిల్లలు అన్న పద్ధతి పోవాలి. ఆడపిల్ల మీద జరిగిన అన్యాయాన్ని డబ్బుకి పంచాయితీ చేసే పెద్దమనిషి మన కులం వాడైనా సరే, సభలో పక్కన కుర్చీ వెయ్యొద్దు. ఇంట్లో వేళంటూ పెడితే కొడుక్కీ కూతురికీ ఒకే వేళ పెట్టండి.

వీటికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. మనం మారితే చాలు. అదే కష్టం, మాకు తెలుసు.

పోయిన వేసవిలో ఆ పిల్ల అవనిగడ్డ బస్టాండులో కనబడింది. చంకలో బిడ్డ. "బాగున్నారా సార్" అని నవ్వింది. "మా వాడికి మీ దగ్గరే అక్షరాలు నేర్పిస్తాను" అంది. ఆ రోజు స్టాఫ్ రూములో వాళ్ళ నాన్న మావైపు చూసినప్పుడు చెప్పాల్సిన మాటలే ఇప్పుడు ఇక్కడ రాశాం. ఆలస్యమైంది. ఇంకో గోడ మీద ఇంకో పేరు పడేలోపు, మీరైనా మీ స్టాఫ్ రూములో, మీ పేటలో, మీ ఇంట్లో నోరు తెరవండి.

జై భీమ్!