వరుసలో నిలిచిన పనులు

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయాలలో కంప్యూటరు విద్య నేర్చి, ఎల్.బి.నగర్ మెట్రోలో ఇండ్లకు మరలు విద్యార్థినీ విద్యార్థులకు ఒక మనవి. వెబ్‌సైటులో రుసుము చెల్లింపు, రసీదు పంపుట వంటి పనులు తెర వెనుక వరుసలో నిలిచి జరుగుచుండును. 2012లో మైక్ పెర్హామ్ రూబీ భాషలో వెలువరించిన సైడ్‌కిక్ అట్టి లైబ్రరీయే. విఫలమైన పనిని అది సాధారణముగా 25 మారులు తిరిగి ప్రయత్నించును. సొమ్ము వసూలైన పిదప పని మధ్యలో ఆగి మరల మొదలైనచో, ఒకే రుసుము రెండు మారులు పోవచ్చును. రోజుకూలి తండ్రికి అది చిన్న నష్టము కాదు.

కావున ప్రతి చెల్లింపునకు ఒక గుర్తుసంఖ్య నిచ్చి, వసూలుతో పాటే దానిని నమోదు చేయవలెను. మరల వచ్చిన పనిని ఆపు తనిఖీని మిడిల్‌వేర్‌గా వెలుపలినుండి జోడించవలెను. లైబ్రరీ మూలమునే మార్చినచో తరువాతి సవరణలు చేర్చుకొనుట కష్టమగును. ఈ తనిఖీ వ్రాయనిదే పాఠము ముగిసినదని తలపరాదని నా అభిప్రాయము.