నిలబడి తినే ఇంజను

మా పెన్నాగరానికి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో ధర్మపురి దాకా పోవాల్సిందే. అందుకేనేమో, ఇన్నాళ్ళుగా ఈ శీర్షిక రాస్తున్నా రైళ్ళ జోలికి పోలేదు. కిందటి నెల మా బ్రాంచికి వచ్చిన ఒక రైతు ఆ పని చేయించాడు.

ట్రాక్టరు వాకిట్లో నిలిపి, ఇంజను ఆపకుండానే లోపలికొచ్చాడాయన. కౌంటరు దగ్గర అరగంట పట్టింది. బయట డుగుడుగుమని ఒకటే మోత. తెలుగువాడే అని తెలిసి, "పెద్దాయనా, డీజిలు అగ్గువేం కాదుగదా, ఆపి రాకూడదా?" అన్నాను. "ఆపితే మళ్ళా పట్టుకోదు సార్, బ్యాటరీ పోయింది" అన్నాడు. ఆ మాటతో మా నాన్నగారు గుర్తుకొచ్చారు.

నాన్న రాయలసీమలో ఒక జంక్షన్‌లో స్టీమింజను మీద ఫైర్‌మన్. మెయిలు బండ్ల మీద కాదు, యార్డులో షంటింగ్ ఇంజను మీద. వ్యాగన్లను విడదీయడం, ఈ లైను నుంచి ఆ లైనుకు తోయడం, బండిని కూర్చి సిద్ధం చేయడం - ఇదీ దాని పని. సిద్ధమైన బండిని పెద్ద ఇంజను వచ్చి లాక్కుపోతుంది. ఇది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ పనిలో చాలాభాగం ఎదురుచూపే. సిగ్నలు కోసం, పాయింట్స్‌మన్ జెండా కోసం, దాటిపోవాల్సిన ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడాలి. నిలబడినంతసేపూ బొగ్గు మండుతూనే ఉండాలి, బాయిలర్లో నీళ్ళు తగ్గకూడదు. ఆర్పేస్తే మళ్ళీ ఆవిరి పట్టడానికి గంటలు కావాలి. బి.కాం.లో మాకు కాస్ట్ అకౌంట్సు చెప్పిన మాస్టారు 'ఐడిల్ టైమ్' అనగానే నా కళ్ళముందు మెదిలింది ఈ ఇంజనే. పనిచేసినా చేయకపోయినా తిండి మాత్రం మానదు.

డీజిలు ఇంజను యార్డుల్లో ముందుగా అడుగుపెట్టడానికి ఇదే పెద్ద కారణం. అక్కర లేనప్పుడు ఆపేయవచ్చు, మళ్ళీ కావలసినప్పుడు నిమిషాల్లో నడిపించవచ్చు. అమెరికాలో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ వారు 1925లో కొన్న 300 హార్స్‌పవర్ డీజిలు ఇంజను న్యూయార్కులో షంటింగ్ చేయడానికే. అక్కడ పొగ బాధ పడలేక స్టీమింజన్ల మీద చట్టం తెచ్చారు, అదీ కలిసొచ్చింది.

మన దేశానికి ఈ జాతి ఇంజన్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చింది 1944-45లో. జనరల్ ఎలక్ట్రిక్ వారివి, మొత్తం 15. ఒక్కొక్కటి 386 హార్స్‌పవర్. 1962లో వచ్చిన డబ్ల్యూడీఎం-2 శక్తి 2600 అని తలుచుకుంటే, ఇవి దాని ముందు పిల్లకాయలు. వీటికి డబ్ల్యూడీఎస్-1 అని పేరు. డబ్ల్యూ బ్రాడ్‌గేజ్‌కు, డీ డీజిలుకు, ఎస్ షంటింగ్‌కు.

ఆ సంవత్సరాల మాట వస్తే మా జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లోనే రెండున్నర అడుగుల చిన్న గేజి రైలు పడింది. 1913లో హోసూరు దాకా పోయింది. యుద్ధం రోజుల్లో, 1941లో దాన్ని మూసేసి పట్టాలు పీకేశారు. అదే యుద్ధం ముగియకముందే ఈ డీజిలు ఇంజన్ల రాక మొదలైంది. మొరప్పూరు - ధర్మపురి కొత్త లైనుకు శంకుస్థాపన జరిగింది మళ్ళీ 2019లో. ఒక లైను పీకడానికీ, దాని మీద మళ్ళీ ఆశ పుట్టడానికీ మధ్య 78 ఏళ్ళు!

మా జంక్షన్‌కు వచ్చింది చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 రకం. అక్కడ 1972 దాకా 2351 స్టీమింజన్లు చేశారు. 1968 ప్రాంతంలో మొదలుపెట్టి 1993-94 దాకా ఏడు రకాల డీజిలు ఇంజన్లు 842 చేశారు. ఈ డబ్ల్యూడీఎస్-4కు మూడు జతల చక్రాలు, వాటిని కలుపుతూ పక్కన ఇనుప రాడ్లు, అచ్చం స్టీమింజనుకు ఉన్నట్టే. మన ఇంజనీరు ఎం.ఎం. సూరి కనిపెట్టిన ట్రాన్స్‌మిషన్‌ను వీటిలో వాడారు. ఆయనకు 1962లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. నాన్నకు ఇదంతా పట్టలేదు. మొదటిసారి చూసొచ్చి, "పోనీలే, రాడ్లయినా ఉన్నాయి" అన్నారు, దూరపు చుట్టంలో ఇంటి పోలిక కనిపించినట్టు.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. చదువు చూపించుకోవాలన్న సరదాకొద్దీ ఒక తెల్లకాగితం మీద లెక్క వేశాను. ఒకవైపు బొగ్గు, నీళ్ళు, బూడిద ఎత్తే కూలి, ఇద్దరు ఫైర్‌మన్ల జీతాలు. ఇంకోవైపు డీజిలు, ఒక్క సహాయకుడి జీతం. కింద మిగులు చూపి రెండు గీతలు గీశాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. తప్పు పట్టలేదు. జీతాల వరస మీద వేలు పెట్టి, "ఈ మిగులులో మేమిద్దరం ఎక్కడున్నాంరా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. ఇప్పటికీ సరైనదే అంటాను. తర్వాత బ్యాంకులో కంప్యూటర్లు వచ్చి, చేత్తో లెడ్జర్లు రాసే మా సీట్లు ఒక్కొక్కటీ ఖాళీ అయినప్పుడు ఆ కాగితం చాలాసార్లు గుర్తొచ్చింది.

నాన్నతో ఉండే రెండో ఫైర్‌మన్‌ను వేరే ఊరికి పంపారు. నాన్నను డీజిల్ అసిస్టెంటుగా ఉంచారు. మొదటి రోజు డ్యూటీ దిగి వచ్చినప్పుడు చొక్కాకు మసి లేదు, గోళ్ళలో బొగ్గు లేదు. నీళ్ళు కాచి పెట్టిన అమ్మ ఎగాదిగా చూసింది. నాన్న ఏమీ అనకుండా పెరట్లో కుళాయి దగ్గరకెళ్ళి, ఎప్పటిలాగే మోచేతుల దాకా సబ్బు పట్టించి, ఎప్పుడూ పట్టేంతసేపూ కడుక్కున్నారు.